సీసాలు కడిగే యంత్రానికి పెద్ద పంపు అక్కర్లేదు

ఇంట్లో బీరు కాచేవాళ్లను విసిగించే పని సీసాలు కడగడం. 19 లీటర్లు కాస్తే 330 మి.లీ. సీసాలు యాభైకి పైగా కావాలి. ఒక్కదాంట్లో పాత మడ్డి మిగిలినా అందులో దాగిన అడవి ఈస్ట్ చక్కెరను తినేస్తుంది, గ్యాసు పెరిగి సీసా పగిలే ప్రమాదం ఉంది. అందుకే చాలామంది సొంతంగా యంత్రం చేసుకుంటారు: టబ్బులోని పంపు నీళ్లను పైపులోకి నెడితే, పైపు మీద నిలబెట్టిన సన్న గొట్టాలు పలక మీద బోర్లించిన సీసాల్లోకి చిమ్ముతాయి. చేసుకోవాల్సిందే. కానీ డబ్బంతా పంపు మీద పోయడం తప్పని మా అభిప్రాయం. సీసా శుభ్రపడాలంటే లోపలికి వెళ్లిన నీరు అంతే వేగంగా బయటికి రావాలి. అసలు కిటుకు అక్కడే ఉంది.

బీరు సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 16 మి.మీ. అందులోకి లావు గొట్టం దూరిస్తే చుట్టూ సందు మిగలదు. సీసా నిండిపోతుంది, ధార నీళ్లలో మునిగి బలం కోల్పోతుంది, అడుగున అంటుకున్న ఈస్ట్ కదలదు. అప్పుడు పెద్ద పంపు పెడితే ఇంకా త్వరగా నిండుతుంది, అంతే! కాబట్టి గొట్టం బయటి వ్యాసం 8 మి.మీ. దాటకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలైతే మేలు. పొడవు సీసా ఎత్తులో సగం చాలు. కొస మూసేసి నిట్టనిలువుగా ఒకటి, ఏటవాలుగా రెండు, మొత్తం మూడు 2 మి.మీ. బెజ్జాలు వేయాలి. లోపలి గరుకు అంచులను సన్నటి ఆకురాయితో తీసేయాలి, లేకపోతే చెత్త అక్కడే పట్టుకుంటుంది.

ఇలాంటి గొట్టాలు ఎనిమిది పెడితే బెజ్జాల వైశాల్యం మొత్తం 75 చ.మి.మీ. అరంగుళం పైపు లోపలి వైశాల్యంలో సగం కన్నా తక్కువ. ఈ లెక్క తప్పితే పంపుకు దగ్గరున్న సీసాలోకి ధార, చివరి సీసాలోకి చుక్కలు. పైపును ఒకే వరుసగా కాకుండా దీర్ఘచతురస్రంలా చుట్టి కలిపితే ఒత్తిడి అన్ని వైపులా దాదాపు సమానంగా ఉంటుంది. అతుకులకు జిగురు వద్దు. కారినా నీరు టబ్బులోకే పడుతుంది, పైగా విప్పి కడుక్కోవచ్చు. సీసా భుజం ఆనేలా పలకకు కంతలు పెట్టాలి, మూతి గాలిలో వేలాడాలి. మూతి పలకకు ఆనిందంటే నీరు దిగదు.

వేడి విషయంలో దురాశ పనికిరాదు. పీవీసీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఇలాంటి యంత్రాల్లో పెట్టే, తోట కొలనుల కోసం చేసిన చిన్న మునిగే పంపులు చాలావరకు 35 డిగ్రీలకు మించి తట్టుకోవు, వాటి మీద రాసింది చదవాలి. 50 డిగ్రీల నీళ్లు వాడాలంటే సీపీవీసీ (వేడిని తట్టుకునే పీవీసీ) పైపు, ఆ వేడికి తగిన పంపు తెచ్చుకోవాలి. లేదంటే లీటరుకు 5 గ్రాముల సోడియం పెర్‌కార్బొనేట్ (క్షారగుణం ఉన్న శుభ్రపరిచే పొడి) కలిపిన వేడి నీళ్లలో సీసాలను వేరే తొట్టిలో అరగంట నానబెట్టి, యంత్రాన్ని గోరువెచ్చని నీళ్లతో నడపడం చవకైన దారి. మేము దీన్నే ఎక్కువ ఇష్టపడతాం, ఎందుకంటే కాగితం లేబుళ్లు కూడా ఆ తొట్టిలోనే ఊడిపోతాయి, పంపు నోట్లోకి చేరవు. అయినా పంపు చుట్టూ జల్లెడ తప్పనిసరి. కరెంటు లీకైతే వెంటనే కట్టయ్యే ప్లగ్గు అంతకన్నా తప్పనిసరి.

కడగడం వేరు, క్రిములు చంపడం వేరు. ఫాస్ఫారిక్ ఆమ్లం శానిటైజరును ఈ యంత్రంలో పోయొద్దు. నురుగు లేచి పంపు గాలి పీలుస్తుంది. పైగా సీసాలో క్షారం మిగిలితే ఆమ్లం బలం చచ్చిపోతుంది. అందుకే మంచినీళ్లతో ఒకసారి నడిపి, సీసాల్లోని నీరు దిగిన తర్వాత బకెట్లోని శానిటైజరులో ముంచి బోర్లించాలి. సీసాల మీద తెల్లటి పొర కనిపిస్తే అది కఠినజలం వదిలిన సున్నం. వెనిగర్ కలిపిన నీళ్లకు పోతుంది. క్లోరిన్ బ్లీచు వాడిన రోజు మాత్రం వెనిగర్‌ను దగ్గరికి కూడా రానివ్వొద్దు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.