మలావీకి పాత బట్టలు పంపకండి

ఇవాళ మళ్లీ అదే విన్నపం కనిపించింది. ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో అనాథ పిల్లలకి పాత బట్టలు, బొమ్మలు కంటైనర్ నింపి పంపుదామట. కింద బారెడు దండాలు. ఒళ్లు మండిపోయింది.

మలావీకి సముద్రం లేదండీ! సరుకు మొజాంబిక్‌లోని బెయిరా, నకాలా లాంటి పరాయి దేశపు రేవుల్లో దిగాలి. ఓడ కిరాయి, లారీ కిరాయి, సుంకం. కాగితం ఒక్కటి తక్కువైతే రేవులో రోజుకింతని అద్దె. ఇంతా చేస్తే చేరేవి అక్కడి సంతల్లో కౌంజిక పేరుతో గుట్టలు పోసి అమ్మే పాత బట్టలే. నలుగురు మనుషులున్న చిన్న సంస్థ వాటిని ఏరి పంచలేక చస్తుంది.

ఆ పిల్లలకి కావలసింది ఎరువు. అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది అమ్మమ్మల దగ్గరో, చుట్టాల దగ్గరో పెరుగుతున్నారు. వాళ్లకి కొత్త ఆశ్రమం కట్టక్కర్లేదు, ఆ అమ్మమ్మ చేను పండాలి. ఎకరం మొక్కజొన్నకి 10 కిలోల విత్తనం, 23:21 అనే మిశ్రమ ఎరువు 50 కిలోల బస్తా ఒకటి, యూరియా బస్తా ఒకటి. నవంబరు, డిసెంబరుల్లో మొదటి గట్టి వానకి విత్తాలి, మూడు వారాలకి యూరియా వెయ్యాలి. మనవాళ్లేమో క్రిస్మస్‌కి చందాలు మొదలుపెడతారు. డబ్బు చేరేసరికి అదను దాటిపోతుంది.

జనవరి నుంచి మార్చి దాకా ఆకలి నెలలు. గింజలు నిండుకుని ఆ ముసలమ్మ గన్యుకి, అంటే కూలికి పోయి, ఇంకొకరి చేలో కలుపు తీస్తుంది. ఈలోగా తన చేనంతా కలుపే. ఏప్రిల్‌లో పంట తగ్గుతుంది, మళ్లీ జనవరికి అదే ఆకలి. ఆ మూడు నెలలూ ఇంట్లో పిండి ఉంటే తన చేను తానే చూసుకుంటుంది. ఇంత తేలికైన సంగతి ఎన్నిసార్లు చెప్పాలి?

ఇంకో మంట కూడా ఉంది. "ఆఫీసు ఖర్చు సున్నా ఉండాలి" అని షరతు పెట్టి, పిల్లల చేతికి దాత పేరు రాసిన అట్ట ఇచ్చి ఫొటో తీయమంటారు. ఆకలితో ఉన్న పసివాణ్ణి అలా నిలబెట్టడానికి మనసెలా ఒప్పుతుంది? సంస్థ తరఫున ఊరూరా తిరిగే మనిషి లేకపోతే, ఇంట్లో ఒకరికి జబ్బు చేసిన రోజే ఎరువు బస్తా సగం ధరకి అమ్ముడుపోతుంది. ఎయిర్‌టెల్ మనీలో పంపిన డబ్బు ఎవరి సిమ్‌లో పడిందో, ఊళ్లో ఏజెంటు దగ్గర అసలు నగదు ఉందో లేదో కనుక్కునేది కూడా అతనే. దాతలు ముందు కోత పెట్టేది అతని జీతానికి, అతని బండి పెట్రోలుకి!