తోడల్లుడి ఆవిష్కరణ

మా తోడల్లుడు నిక్ డ్రేక్‌ను కనిపెట్టాడు. సంక్రాంతికి కాకినాడ వెళ్లి, మా అత్తగారింటి గుమ్మంలో చెప్పులైనా విప్పకముందే నాకీ సంగతి చెప్పేశాడు. "అన్నయ్యగారూ, ఒక సింగర్‌ని కనిపెట్టాను. మీకు తెలిసుండదు." ఆ రెండో వాక్యమే అసలు సంగతి. కనిపెట్టిన వస్తువు ఎలాంటిదైనా ఫర్వాలేదు, ఎదుటివాడికి అది తెలియకుండా ఉంటే చాలు.

కొలంబస్ కనీసం ఓడెక్కాడు. మావాడు బొటనవేలు కదిపాడు. ఏదో పాట అయిపోయాక ఫోన్‌లోని యాప్ తనంతట తాను ఇంకో పాట వేసింది. న్యాయంగా చూస్తే కనిపెట్టింది యాపు, దానికి దొరికింది ఈయన.

చరిత్ర కోసం కొన్ని తేదీలు రాసి ఉంచుతాను. ఆల్బమ్ పేరు 'పింక్ మూన్'. 1972లో వచ్చింది. గాయకుడు 1974 నవంబరులో పోయాడు, 26 ఏళ్లకి. 1979లోనే అతని ఆల్బమ్‌లన్నీ కలిపి ఒక పెట్టెలో పెట్టి అమ్మారు. 1999లో అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు కారు ప్రకటనకి అందులో పాట వాడుకున్నారు, అమ్మకాలు లేచి కూర్చున్నాయి. ఆ తర్వాత ఈ సంక్రాంతికి మా తోడల్లుడు కనిపెట్టాడు. మధ్యలో విన్నవాళ్లంతా కొలంబస్ రాకముందు అమెరికాలో ఉన్న జనంలాంటివాళ్లు. లెక్కలోకి రారు. (నేను 2003లో కనిపెట్టాను. సీనియారిటీ నాది. ఆ మాట చెప్పుకోలేకపోవడమే ఈ వ్యాసానికి మూలం అని మీరనుకుంటే అనుకోండి.)

భోజనాలకి ముందు సభ పెట్టాడు. "28 నిమిషాలే. ఎవరూ మాట్లాడకూడదు. దీన్ని మౌనంగా వినాలి." ఫ్యాను ఆపించాడు. పిల్లల్ని మేడ మీదికి తోలాడు. రెండో కూతకే కుక్కర్ దింపించాడు, ఆ పూట కందిపప్పు పళ్లకింద పలికింది. మామగారికి తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

పాట మొదలైంది. పది సెకన్లకి మావాడూ మొదలయ్యాడు.

"చూశారా, గొంతు, గిటారు, అంతే! మొదటి పాటలో మాత్రం కాస్త పియానో." అక్కడ పియానో వచ్చిందట. మాకు వినిపించలేదు. "1971 అక్టోబరు, లండన్, రెండే రాత్రులు. పక్కన ఇంజనీరు జాన్ వుడ్ ఒక్కడే." రెండో పాట పోయింది. "ఇక్కడ వినండి, ఇక్కడ!" అన్నాడు. ఏది వినమన్నాడో అది ఆ కేక కింద పడి చచ్చిపోయింది. మా బావమరిది ఏదో అడగబోతే వేలెత్తి ఆపాడు. ఎత్తిన వేలు దించకుండానే మూడు నిమిషాలు తను మాట్లాడాడు. ఐదోది మాటల్లేని పాట. ఆ లోటు ఆయనే తీర్చాడు.

"అన్నయ్యగారూ, ఈయన పాటపాటకీ గిటారు శ్రుతి మార్చేవాడు. అంతసేపూ జనం బీర్లు తాగుతూ కబుర్లాడుకునేవారట. ఆ బాధకి కచేరీలే మానేశాడు. ఏం మనుషులండీ, పాడుతుంటే మాట్లాడతారా!"

ఈ మాట ఎనిమిదో పాట నడుస్తుండగా అన్నాడు.

అంతా అయ్యాక గొట్టం కాజా కొరికాడు. పాకం మోచేతిదాకా కారింది. "పాపం డిప్రెషన్ అన్నయ్యగారూ. కానీ ఆ బాధే లేకపోతే ఇంత అందం వచ్చేదా?"

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకాదు. బాధ పాటలు కట్టదయ్యా! బాధ ముదిరాక ఏమవుతుందో 1974 రికార్డింగులను అడుగు. రెండు రాత్రుల్లో ఆల్బమ్ ముగించిన మనిషికి వాయిస్తూ పాడటం చేతకాలేదు. ముందు గిటారు రికార్డు చేసి, తర్వాత గొంతు విడిగా రికార్డు చేయాల్సి వచ్చింది. జబ్బు అతనికి పాటలివ్వలేదు, అతని చేతిలోంచి లాక్కుంది. జబ్బు ఉండి కూడా ఆ పాటలు వచ్చాయి, వేళ్లు అరిగేలా సాధన చేశాడు కాబట్టి వచ్చాయి. రేపు నీ కొడుకు గది తలుపేసుకుని మాట మానేస్తే, మంచి ఆల్బమ్ వస్తుందని కాచుక్కూర్చుంటావా? ఒక కుర్రాడి చావుని తాలింపు పెట్టుకుని పాట తినడానికి సిగ్గుండాలి.

ఇదంతా నేను అనలేదు. పండగ. అల్లుళ్లం. నేనూ ఒక కాజా తీసుకున్నాను.

అంతసేపూ మూల కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తగారు అప్పుడు నోరు విప్పారు.

"ఏ ఊరు బాబూ ఆ పిల్లాడిది?"

"ఇంగ్లండండీ. పుట్టింది మాత్రం రంగూన్‌లో, 1948లో."

"రంగంలోనా!" ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "మా పెదతాత ఇక్కడే ఓడెక్కి రంగం పోయాడు." కాసేపాగి అడిగారు. "వాళ్లమ్మ?"

మావాడికి తెలియదు. తీగల శ్రుతి దగ్గర్నుంచి అన్నీ తెలిసినవాడు దిక్కులు చూశాడు. నేనే చెప్పాను. పేరు మాలీ. ఆవిడా ఇంట్లో పియానో ముందు కూర్చుని పాటలు కట్టేది. కొడుకు పోయాక, అతని పాటలు విని ముక్కూమొహం తెలియని కుర్రాళ్లు వెతుక్కుంటూ వస్తే తల్లీతండ్రీ ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టేవారు. కొడుకు ఇంట్లో పాడుకున్న పాటల టేపులు కాపీ చేసి ఇచ్చేవారు. ఆవిడ 1993లో పోయింది.

అత్తగారు చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టారు.

"మళ్లీ పెట్టు నాయనా. ఈసారి నువ్వు కాసేపు మేడ మీదికి వెళ్లు."