నికిటాలో గురువు ఇచ్చే కానుకలు

లూక్ బెస్సాన్ 1990లో తీసిన ఫ్రెంచి చిత్రం ‘నికిటా’పై వచ్చిన ఒక వ్యాసం చదివాను. దాన్ని పోరాట దృశ్యాల కోసమే చూడాలన్న ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. పోరాటాలు బాగున్నాయి, కాదనను. కానీ ఆ చిత్రానికి ప్రాణం కథానాయిక నికిటాకూ, ఆమెను ప్రభుత్వ రహస్య సంస్థ కోసం హంతకురాలిగా తీర్చిదిద్దే గురువు బాబ్‌కూ మధ్య ఉన్న బంధమే.

ఏళ్ల శిక్షణ తరువాత తొలిసారి బయటి ప్రపంచంలోకి తీసుకొచ్చి, పుట్టినరోజు విందు పేరుతో ప్యారిస్‌లోని ఖరీదైన రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి బాబ్ ఒక పెట్టె అందిస్తాడు. చిన్నపిల్లలా సంబరపడుతూ తెరిచిన ఆమెకు కనిపించేది పిస్టల్! చంపవలసిన మనిషి వెనుక బల్ల దగ్గరే ఉన్నాడనీ, పని ముగించి మరుగుదొడ్డి కిటికీలోంచి తప్పించుకోవాలనీ చెప్పి ఆయన వెళ్లిపోతాడు. తీరా చూస్తే ఆ కిటికీ ఇటుకలతో మూసేసి ఉంటుంది. నికిటాగా నటించిన ఆన్ పారియో ముఖంలో ఆ క్షణాన భయం కన్నా నమ్మకద్రోహానికి గురైన బాధే ఎక్కువగా కనిపిస్తుంది.

తరువాత ఆమె ప్రియుడు మార్కో ఎదుట బాబాయిగా నటిస్తూ, ఆమెకు లేని బాల్యాన్ని ముచ్చటగా కల్పించి చెప్పి, వెనిస్ ప్రయాణాన్ని కానుకగా ఇచ్చేదీ ఈ బాబే. అక్కడా హత్య పనే ఎదురవుతుంది: స్నానాలగదిలో ఆమె తుపాకి గురిపెట్టి ఉండగా, తలుపు అవతల మార్కో మనసు విప్పి మాట్లాడుతుంటాడు. చెకీ కార్యో బాబ్‌ను కేవలం దుర్మార్గుడిగా కాక, ఆమెపై మమకారం ఉండి కూడా ఆమెను వాడుకునే మనిషిగా నటించాడు. వ్యాసంలో ఆయన ప్రస్తావన ఒక్క వాక్యానికే పరిమితం కావడం నాకు అన్యాయమనిపించింది.