176 గజాల్లో యుద్ధం

ప్రణాళికా సంఘాన్ని ఎత్తేసి పదేళ్లు దాటింది. 2015 జనవరి 1న ఆ కుర్చీలో నీతి ఆయోగ్ కూర్చుంది. ఇక ఈ దేశంలో ప్లానింగ్ అనే విద్య అంతరించిపోయినట్టేనని బెంగపెట్టుకున్నవాళ్లకి ఒక శుభవార్త. ఆ విద్య బతికే ఉంది. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లైవుడ్ ముక్క మీద ఏడు నెలలుగా క్షేమంగా ఉంది. అందుకే మేం నేల మీద కూర్చుని తింటున్నాం. జాతి కోసం ఆమాత్రం త్యాగం తప్పదు.

దీన్ని డయోరమా అంటారు. అంటే, ఒక దృశ్యాన్ని కొలత ప్రకారం కుదించి బొమ్మలతో కట్టడం. తెలియనివాళ్లకి బొమ్మల కొలువు అని చెబితే సులువుగా అర్థమవుతుంది గానీ, అలా అంటే మాకు కోపం వస్తుంది. కొలువులో వినాయకుడి పక్కన పోలీసు, ఆ పక్కన కూరగాయలమ్మి, వెనకాల రైలింజను ఉన్నా అడిగేవాళ్లుండరు. మాకలా కుదరదు. ట్యాంకు చక్రానికి ఒక్క బోల్టు తక్కువైందా, అది చరిత్రకి ద్రోహం.

నేను ఎంచుకున్న చరిత్ర 1965 సెప్టెంబర్ 8 నుంచి 10 వరకు పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ అనే ఊళ్లో జరిగింది. అమెరికా ఇచ్చిన ప్యాటన్ ట్యాంకులతో పాకిస్తాన్ ఆర్మర్డ్ డివిజన్ దూసుకొచ్చింది. మనవాళ్లు గుర్రపు నాడా ఆకారంలో మాటు వేసి, పొలాల్లోకి నీళ్లు వదిలేశారు. ఒక్కోటీ దాదాపు 45 టన్నులున్న ప్యాటన్లు చెరకు తోటల్లో దిగబడిపోయాయి. మన లెక్క ప్రకారం వాళ్లు పోగొట్టుకున్నవి 97. దొరికినవాటిని పోగేసిన చోటికి ప్యాటన్ నగర్ అని పేరే పడిపోయింది. మాటు వేసినవాళ్లలో పాత షెర్మన్ ట్యాంకులతో దక్కన్ హార్స్ రెజిమెంట్ కూడా ఉంది. దాని మూలాలు నిజాం రోజుల నాటి హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి కాబట్టి, హైదరాబాద్‌లో అద్దెకుంటున్న నాకు ఈ యుద్ధం మీద హక్కుందని తేల్చుకున్నాను.

ముందు స్కేలు సంగతి. మా లోకంలో 1/35, అంటే అసలు సైజులో 35వ వంతు, వేదవాక్కు. ఎందుకు 35? 1960ల మొదట్లో జపాన్‌లో టమియా కంపెనీ జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్, అంటే ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ, చేస్తూ లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకుంది. తర్వాత లెక్క చూసుకుంటే అది సుమారు 35వ వంతని తేలింది. మిగతావాళ్లూ దాన్నే పట్టుకున్నారు. శాస్త్రాలు ఇలాగే పుడతాయి.

ఆ లెక్కన మనిషి ఎత్తు 5 సెంటీమీటర్లు. నా ప్లైవుడ్ అసలు నేల మీద 14 మీటర్లు, పదిన్నర మీటర్లు, అంటే సుమారు 176 గజాలు. సిటీలో ఈ జన్మకి నాకు దక్కని ప్లాటు. దొరికిందే చాలని వాస్తు చూశాను. ఇంటి వాస్తుకి అన్నీ గోడలకి సమాంతరంగా ఉండాలి. డయోరమా వాస్తుకి సమాంతరమంటేనే అరిష్టం. ట్యాంకు అంచులకి ఐమూలగా ఉండాలి, నట్టనడిమి నుంచి కాస్త పక్కకి ఉండాలి, ఫిరంగి గొట్టం చూపుని ప్లైవుడ్ బయటికి లాక్కుపోకూడదు. ఇంత చేసినా ఈశాన్యంలో నీళ్ల కాలువ పెట్టానని మా ఆవిడ మెచ్చుకుంది. అది కాకతాళీయం.

ఈ యుద్ధంలో ప్యాటన్లని పేల్చి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ జీపు లేకుండా అసల్ ఉత్తర్ ఎలా? జీపు మీద ట్యాంకుల్ని పేల్చే 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్. కిట్‌లో ఆ గొట్టం లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు. చిక్కు జీపుకీ, అది గురిపెట్టిన ట్యాంకుకీ మధ్య దూరంతో వచ్చింది. ఆ దూరం 150 గజాలే అనుకున్నా, స్కేల్లో దాదాపు నాలుగు మీటర్లు. టేబుల్ మీద ట్యాంకు పెడితే జీపు వంటింట్లో గ్యాస్ స్టవ్ పక్కకి వెళ్లాలి. వాస్తవికత కోసం అక్కడే పెడతానన్నాను. ఆ ప్రతిపాదన మొదటి సమావేశంలోనే వీగిపోయింది.

మట్టిదీ ఇదే గోల. కుండీలో మట్టి తెచ్చి చల్లితే పనైపోతుందనుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది. మిల్లీమీటరు ఇసుక రేణువు స్కేల్లో మూడున్నర సెంటీమీటర్ల కంకర. అందుకని టీ వడపోత గిన్నెతో మూడుసార్లు జల్లించాను. ప్లాస్టిక్ ట్యాంకు బరువుకి నేల దిగదు కాబట్టి, ప్లాస్టర్ తడిగా ఉన్నప్పుడే ట్రాకులు నొక్కి గాడులు వేయాలి. ఆ తర్వాత రెజిన్, అంటే ఆరితే గాజులా గట్టిపడే ద్రవం, పోస్తే నిలవనీరు. రెజిన్ ఆరడానికి ఒక రోజు పట్టింది. మా కాలనీలో ఒక్క వానకి ఇంతకంటే సహజంగా నీళ్లు నిలుస్తాయి, ఆరడానికే వారం పడుతుంది. బల్దియా ఇంజినీర్లలో ఇంత కళ ఉందని వాళ్లకే తెలియదు.

ఇక తుప్పు. తుప్పు రంగు మీద హెయిర్‌స్ప్రే కొట్టి, దాని మీద ఆకుపచ్చ వేసి, తడి బ్రష్‌తో గోకితే పైరంగు పెచ్చులూడుతుంది. చేయి తిరిగేసరికి ఆపబుద్ధి కాలేదు. 8న యుద్ధంలోకి వచ్చి 10న దొరికిన బండికి ముప్ఫై ఏళ్ల తుప్పు పట్టించాను. మా సర్కిల్లో దీన్ని రియలిజం అంటారు.

అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్నది ప్యాటన్ రకం తేల్చడం. ఎం47కి ముందు భాగంలో మెషిన్‌గన్, లోపల ఐదుగురు. ఎం48కి ఆ గన్ లేదు, నలుగురే. ఈ తేడా మీద రెండు నెలలు నిద్రపోలేదు. చివరికి ఎం48 అని ఖాయం చేసుకున్నాను. చెరకు మాత్రం ఒక్క ఆదివారంలో అయిపోయింది. కొబ్బరి ఈనెల చివర్లు ఏడేసి సెంటీమీటర్లకి కత్తిరించి, పెన్సిల్‌తో కణుపులు గీసి, కాగితపు ఆకులు అంటించాను. మొత్తం 430 గడలు. అందానికి పైన దూదితో పూత పెట్టాను. పొలమన్నాక రైతు ఉంటే బాగుంటుందనిపించి బొమ్మల కోసం వెతికాను. సైనికులు పెట్టెకి నలుగురైదుగురు చొప్పున దొరికారు, రైతు దొరకలేదు. యుద్ధంలో రైతుకి పనేముందిలే అని ప్లాన్లోంచి కొట్టేశాను.

ఈలోగా అనకాపల్లి దగ్గర్నుంచి మా మామయ్య గారు వచ్చారు. నలభై ఏళ్లుగా చెరకు వేసి బెల్లం వండిన మనిషి. కళ్లజోడు సవరించుకుని, టేబుల్ మీదికి వంగి చాలాసేపు చూశారు. ఎం48 సంగతి అడుగుతారని గొంతు సవరించుకున్నాను.

"ఇది ఏ నెలండీ?"

"సెప్టెంబర్, మామయ్య గారూ. 1965."

"సెప్టెంబర్లో చెరుకు పూస్తాదేటండీ?"

నేను మాట్లాడలేదు.

"మొక్కతోటా, కార్సా?"

దానికీ జవాబు లేదు. కొత్తగా నాటిన తోటా, నరికిన మోళ్లు మళ్లీ చిగురించిన తోటా అని అర్థమట. ఈ ప్రశ్న ఒకటుంటుందనే నాకు తెలియదు.

"జడచుట్లు వెయ్యకుండా ఇంత తోట ఎలా నిలబడిందో!" అని, గోటితో రెండు గడల్ని దగ్గరికి చేర్చి, కాగితపు ఆకుని వాటి చుట్టూ మెలిపెట్టారు. అది ఊడలేదు. ఏడు నెలల్లో ఆ ప్లైవుడ్ మీద గమ్ లేకుండా నిలబడింది అదొక్కటే.

తర్వాత కొలతలు అడిగారు. 176 గజాలని గర్వంగా చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నారు. "మూడున్నర సెంట్లు దాటింది. ఎకరాకి ముప్ఫై టన్నులు వేసుకున్నా టన్ను చెరుకు. క్వింటాలు బెల్లం అల్లుడు గారూ, బురదలో తొక్కించేశారు."

"నేను కాదండీ, పాకిస్తాన్..."

"ఎవరైతే ఏటండి. ఎవరిదీ తోట?"

ఖేమ్‌కరణ్ యుద్ధం మీద నా దగ్గర మ్యాపులున్నాయి, ఫొటోలున్నాయి, రెజిమెంట్ల పేర్లు కంఠతా వచ్చు. తోట ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

మామయ్య గారు లేచి, మళ్లీ ఒకసారి వంగి చూశారు. "ఆ బండి కాస్త గట్టు మీదికి జరిపారంటే ఈ రెండు సాళ్లూ బతికేస్తాయండి."

జరపడానికి లేదు. సూపర్‌గ్లూ.