బాలింతను కూడా అడగండి

కాన్పయిన ఇంట్లో అందరి కళ్లూ బిడ్డ మీదే. తల్లిని అడిగినా పథ్యం తిన్నావా, పాలు పడుతున్నాయా అనే. బిడ్డ నిద్రపోయినా తనకు కన్ను మూతపడటం లేదని, ఏడుస్తుంటే ఎత్తుకోబుద్ధి కావడం లేదని ఆమె పైకి చెప్పలేదు. చెబితే గాలి సోకిందంటారు. లేదా ‘మేం కనలేదా పిల్లల్ని?’ అంటారు.

మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలోని 38 అధ్యయనాలను కలిపి 2017లో వెలువడిన విశ్లేషణ బాలింతల్లో 22 శాతం మందికి ఈ జబ్బు ఉందని తేల్చింది. అంటే అయిదుగురిలో ఒకరికి పైనే.

దీనికి మాటల చికిత్స ఉంది. కానీ విశాఖలో కాన్పు ఘోషా ఆసుపత్రిలో అయినా, కేజీహెచ్‌లో అయినా, మనసు బాగోలేదనగానే వాల్తేరు మానసిక ఆసుపత్రి గుర్తొస్తుంది. ఆ పేరెత్తితే చాలు, ఇంట్లోవాళ్లు నలుగురూ ఏమనుకుంటారోనని హడలిపోతారు. పైగా పచ్చి బాలింత చంటిబిడ్డతో గాజువాక నుంచో మధురవాడ నుంచో వారం వారం ఎలా వస్తుంది?

ఫోన్‌లో వీడియో కాల్ చేసి మాట్లాడితే చాలదా? చాలుతుంది. అమెరికా, కెనడాల్లో 1,230 మంది గర్భిణులు, బాలింతలతో జరిపిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడినదానికి వీడియోలో మాట్లాడినది తీసిపోలేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, శిక్షణ పొందిన నర్సులు, మిడ్‌వైఫ్‌లు మాట్లాడినా నిపుణులతో సమానంగా మేలు జరిగింది.

అలాంటివాళ్లు మనకున్నారు. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. బిడ్డ బరువు చూసే ఆ చేతులతోనే, తల్లి మనసు తెలుసుకునే ఎడిన్‌బరో పది ప్రశ్నలూ తెలుగులో అడగాలి. తేడా కనిపిస్తే శిక్షణ ఉన్న నర్సు వారానికోసారి వీడియో కాల్ చేయాలి. మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ 14416 తెలుగులోనూ ఉంది, మంచిదే. కానీ బాలింతకు ప్రతి వారం అదే గొంతు వినబడాలి.

చిక్కు ఇంట్లోనే ఉంది. ఫోన్ భర్త దగ్గర, అత్తగారు అదే గదిలో. అందుకే వేళను తల్లే చెప్పాలి, ఆ అరగంట బిడ్డను ఎవరెత్తుకుంటారో ఆశానే ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చాలి. చచ్చిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డకు ఏదైనా చేసేస్తానేమో అన్నా ఇక ఫోన్ కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జిల్లా వైద్యారోగ్య శాఖను మేం కోరేది ఇంతే. ముందు జాలారిపేటలోనో కంచరపాలెంలోనో ఒక్క పట్టణ ఆరోగ్య కేంద్రంలో దీన్ని మొదలుపెట్టండి.