ఆ వృద్ధులకు దారి ఇవ్వాలి

కొరియా యుద్ధంలో తుపాకులు ఆగింది 1953 జులై 27న. శాంతి ఒప్పందం మాత్రం నేటికీ కుదరలేదు. నాలుగు రోజుల్లో తిరిగొస్తామని ఇంట్లో చెప్పి ఉత్తరాన్నుంచి దక్షిణానికి వచ్చినవారెందరో ఇక వెనక్కి వెళ్లలేకపోయారు. వారిలో కొందరు తర్వాత అమెరికా చేరి అక్కడి పౌరులయ్యారు. తోడబుట్టినవాళ్లు బతికున్నారో లేదో తెలియకుండానే ముసలివాళ్లయ్యారు.

2000 శిఖరాగ్ర సమావేశం తర్వాత ఉభయ కొరియాలు విడిపోయిన కుటుంబాలను కలపడం మొదలుపెట్టాయి. 2018 ఆగస్టు వరకు 21 విడతలు జరిగాయి. దశాబ్దాలుగా ఎదురుచూసిన తల్లీబిడ్డలకు దక్కింది పర్యవేక్షణ మధ్య కొన్ని గంటలే. మళ్లీ ఉత్తరం రాసుకునే వీలు కూడా లేదు. ఆ తర్వాత అదీ ఆగిపోయింది. దక్షిణ కొరియాలో పేర్లు నమోదు చేసుకున్నవారు లక్షా ముప్పై వేలకు పైగా ఉంటే, ముగ్గురిలో ఇద్దరికి మించి ఇప్పటికే కన్నుమూశారు.

ఆ పరిమిత ఏర్పాటులోనూ అమెరికా కొరియన్లకంటూ చోటు కేటాయించలేదు. అమెరికాకు, ఉత్తర కొరియాకు దౌత్య సంబంధాలే లేవు. పైగా 2017 సెప్టెంబరు నుంచి అమెరికా పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్లడం నిషేధం. అక్కడ నిర్బంధంలో కోమాలోకి వెళ్లిన అమెరికా విద్యార్థి ఇంటికి చేరిన కొద్ది రోజులకే మరణించాడు. ఆ భయం నిజమైనదే, కాదనలేం. అయినా విలేకరులకు, రెడ్‌క్రాస్ సిబ్బందికి ప్రత్యేక అనుమతి ఇచ్చే వీలున్నప్పుడు, తొంభై ఏళ్ల అక్కను చూడాలనుకునే తమ్ముడికి ఎందుకివ్వరు? మినహాయింపుల్లో కుటుంబ కలయికను స్పష్టంగా చేర్చడం వాషింగ్టన్ చేతిలోని పనే. అందుకు ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ ఒప్పుకోలు అక్కర్లేదు.

ప్యాంగ్యాంగ్ మొండితనాన్ని మేం తక్కువ చేయడం లేదు. దక్షిణ కొరియాను శత్రుదేశమని ప్రకటించిన పాలకులు రేపే గేట్లు తెరుస్తారనుకోలేం. కానీ 2005-07 మధ్య వీడియో ద్వారా కూడా ఇరువైపుల కుటుంబాలను కలిపారు. అమెరికాలోని వృద్ధులకు ముందు అదైనా జరగాలి. క్షేమ సమాచారంతో ఒక్క ఉత్తరం చేరినా వారికి ఎంతో ఊరట.

మన దేశానికీ ఇందులో పాత్ర ఉంది. యుద్ధఖైదీల అప్పగింత చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన జనరల్ తిమ్మయ్యే. సియోల్‌లోనూ ప్యాంగ్యాంగ్‌లోనూ రాయబార కార్యాలయాలున్న కొద్ది దేశాల్లో మనదొకటి. దేశ విభజనలో తప్పిపోయిన అన్నదమ్ములు కర్తార్‌పూర్‌లో కలుసుకోవడం చూసినవాళ్లం. ఈ వృద్ధుల ఉత్తరాలు, వీడియో కలయికల ప్రతిపాదనను ఢిల్లీ రెండు రాజధానుల ముందూ పెట్టాలి.