సవరణ: గ్రాఫ్ట్ మీద వెంట్రుకలు వస్తే మచ్చ తిరిగొచ్చినట్టు కాదు

పిల్లలకు పెద్ద పుట్టుమచ్చ తీసేసి, అక్కడ వేరేచోటి చర్మం అతికించడం (గ్రాఫ్ట్) గురించి ఇంతకుముందు రాశాను. అందులో "అతికించిన చర్మం మీద వెంట్రుకలు మొలిస్తే మచ్చ మళ్లీ వస్తున్నట్టే" అన్నాను. అది తప్పు. చదివి టెన్షన్ పడ్డ తల్లిదండ్రులు క్షమించాలి.

కారణం చాలామటుకు మామూలుదే. వెంట్రుక కుదురు చర్మంలో లోతుగా ఉంటుంది. పైపొరను పల్చగా తీసే స్ప్లిట్ థిక్‌నెస్ గ్రాఫ్ట్‌లో కుదుళ్లు సాధారణంగా తీసినచోటే ఉండిపోతాయి. పూర్తి మందంతో తీసే ఫుల్ థిక్‌నెస్ గ్రాఫ్ట్‌లో మాత్రం అవీ వెంట వస్తాయి. చోటు మారినా వాటి పాత గుణం పోదు. గజ్జల దగ్గర తీశారనుకోండి, మూడేళ్ల పిల్లకు ఆ చర్మం నున్నగానే ఉంటుంది. యుక్తవయసు హార్మోన్లు మొదలయ్యాక, అది ఇప్పుడు చెంప మీదున్నా సరే, ముతక వెంట్రుకలు రావచ్చు. అందుకే గజ్జల నుంచి తీసేటప్పుడు వెంట్రుకలు రాని బయటివైపు చర్మాన్ని ఎంచుకుంటారు. ఆపరేషన్‌కు ముందే ఈ మాట అడగడం మేలు, నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను రాసిన దాంట్లో కాస్త నిజమూ ఉంది. మచ్చ కణాలు లోతుగా పాకి అడుగున మిగిలిపోతే, వెంట్రుకలతోపాటు నల్లరంగూ తేలవచ్చు. రంగు మారినా, గడ్డలా చేతికి తగిలినా డాక్టరుకు చూపించాల్సిందే.

ఆ వెంట్రుకలు తీసేయడానికి లేజర్ ఒక్కసారి చాలని అప్పుడు రాసిందీ తప్పే. చాలా సిట్టింగులు కావాలి, తెల్ల వెంట్రుకల మీద అది దాదాపు పనిచేయదు. మచ్చ కణాలు మిగిలాయన్న అనుమానముంటే ముందు డాక్టరును అడగకుండా లేజర్ జోలికి పోవద్దు.